నరాల జబ్బు నుంచి కోలుకునేటప్పుడు కీలు కాడ కొత్త ఎముక పెరిగితే: ఇంట్ల చూసుకునేటోళ్ల కోసం మొదటి నుంచి చివరి దాక

ముందుగాల కనిపెట్టింది మా అమ్మ, అదీ లుంగీ మార్చేటప్పుడు. మా తమ్మునికి జీబీఎస్, అంటే గిలన్ బారే సిండ్రోమ్, నరాలు దెబ్బతిని కాళ్లు చేతులు పడిపోయే జబ్బు, వచ్చి పట్నంల ఐసీయూల 38 రోజులు వెంటిలేటర్ మీద ఉన్నడు, తొమ్మిదో వారంల ఇంటికి తెచ్చుకున్నం. వేళ్లు ఆడుతున్నయి, కుడి చెయ్యి కొద్దికొద్దిగ లేస్తున్నది, అందరం సంబురంగ ఉన్నం. పదకొండో వారంల ఒక పొద్దున అమ్మ లుంగీ కిందికెల్లి తీద్దామని ఎడమ మోకాలు మడిచి పైకి లేపబోతే సగం దూరంల ఆగింది. "మొన్నటి దాక పొట్ట కాడికి వచ్చేది గదరా, ఇయ్యాల లోపల ఏదో అడ్డం పడ్డట్టున్నది" అన్నది. నేనేమో రెండు రోజులు ఎక్సర్‌సైజ్ బంద్ పెట్టినం గదా, బిగుసుకుంది అని గట్టిగ వత్తిన. తమ్ముడు "అన్నా, అన్నా" అని మొత్తుకున్నడు. అప్పటికి నాకు తెల్వదు, నేను చేస్తున్నది సరిగ్గ చేయకూడని పని అని.

నేను డాక్టర్ని కాను, దేవరకొండ దిక్కు ఎరువుల దుకాణం నడిపేటోన్ని. కానీ ఏడాదిన్నర ఈ ముచ్చట మీదనే బతికినం, ఫిజియో దగ్గర, నరాల డాక్టర్ దగ్గర, ఎముకల డాక్టర్ దగ్గర ఒక్కొక్కటి అడిగి అడిగి నేర్చుకున్నం. మాకు అప్పుడు తెలుగుల ఇది చెప్పేటోళ్లు దొరకలే, అందుకే రాస్తున్న. మందులు, టెస్టులు, ఆపరేషన్ అన్నీ మీ డాక్టరే చెప్పాలె, ఇది చదివి గోళీలు మాత్రం కొనుక్కోకండి.

అసలు ఇదేంది

డాక్టర్లు దీన్ని హెటెరోటోపిక్ ఆసిఫికేషన్ అంటరు, పొట్టిగ హెచ్‌ఓ. ఎముక ఉండకూడని జాగల, అంటే కీలు చుట్టూ ఉన్న కండలల్ల, మెత్తటి భాగాలల్ల, నిజమైన ఎముక పుట్టుడు. సున్నం పేరుకపోవుడు వేరు, ఇది వేరు. ఇది అచ్చం మన ఒంట్ల ఉన్న ఎముక లెక్కనే గట్టిగ, రక్తం పారుకుంట, లోపల మూలుగతోని సుత ఉంటది. మొదట మెత్తగ వాపు లెక్క ఉంటది, వారాలు గడిచినంక గట్టిపడతది, నెలలు గడిచినంక పూర్తిగ ముదురుతది. అది తుంటి కాడ వస్తే కాలు మడవనీయదు, మోచేయి కాడ వస్తే బుక్క నోటి దాక పోనీయదు. మరీ ముదిరితే కీలు మొత్తం అతుక్కపోతది, కానీ అంత దాక పోయేది కొద్దిమందికే.

కొత్త జబ్బేం కాదు. మొదటి ప్రపంచ యుద్ధంల వెన్నుపూసకు తూటాలు తగిలి కాళ్లు పడిపోయిన సైనికులల్ల ఇది చూసి 1918 ల ఫ్రాన్స్‌ల డెజరిన్ క్లంప్కే అనే డాక్టరమ్మ, సీలియే అనే ఆయన కలిసి వివరంగ రాసిన్రు. ఎందుకు వస్తదో ఇప్పటికీ పూర్తిగ తేలలే. నరాలు దెబ్బతిన్నంక ఒంట్ల వచ్చే వాపు సిగ్నల్స్ వల్ల, కండలల్ల ఉండే కొన్ని కణాలు దారి తప్పి ఎముక కణాలుగ మారతయని మాత్రం చెప్తరు.

ఎవరికి, ఎప్పుడు

ఎక్కువ వచ్చేది వెన్నుపాము దెబ్బతిన్నోళ్లకు, తర్వాత తలకు పెద్ద దెబ్బ తగిలి కోమాల ఉన్నోళ్లకు. బండి యాక్సిడెంట్లు, చెట్టు మీదికెల్లి పడ్డోళ్లు మన దిక్కు ఎంతమంది ఉన్నరో మీకే ఎరుక, తాటిచెట్టు ఎక్కే గౌడన్నల ఇండ్లల్ల అడిగితే చెప్తరు. పక్షవాతం వచ్చినోళ్లకు తక్కువ. జీబీఎస్‌ల ఇంకా అరుదు, కానీ మా తమ్ముని లెక్క వారాల తరబడి వెంటిలేటర్ మీద కదలకుండ పడి ఉన్నోళ్లకు వస్తది. పడక పుండ్లు ఉన్నోళ్లకు, కాళ్లు బిర్రుగ కొంకర్లు పోయేటోళ్లకు, కాలు రక్తనాళంల రక్తం గడ్డకట్టినోళ్లకు రిస్క్ ఎక్కువ.

టైమ్ గుర్తు పెట్టుకోండి. దెబ్బ తగిలినంక లేకపోతే జబ్బు వచ్చినంక మూడో వారం నుంచి పన్నెండో వారం దాక ఎక్కువగ మొదలైతది, ఆరు నెలల దాక సుత రావచ్చు. ఇక్కడనే తిరకాసు. ఈ టైమ్‌కు అందరం దవాఖాన నుంచి ఇంటికి వచ్చేసి ఉంటం, గండం గడిచిందనుకుంటం, చూసే డాక్టర్ కండ్ల ముందు ఉండడు. కాబట్టి కనిపెట్టాల్సింది ఇంట్లోళ్లే.

ఏ కీలు అంటే, వెన్నుపాము దెబ్బల మొదటి నంబర్ తుంటి, తర్వాత మోకాలు, ఎప్పుడైనా దెబ్బ తగిలిన లెవెల్‌కు కిందనే వస్తది. తల దెబ్బల తుంటితో పాటు మోచేయి, భుజం సుత పట్టుకుంటది. జీబీఎస్‌ల ఎక్కువ తుంటే. అరిచేతులు, పాదాలకు వచ్చుడు చానా తక్కువ.

మొదటి పని: ఇంటికొచ్చిన రోజే కొలతలు రాసుకోండి

ఈ ఒక్క పని మేము చేయలే. చేసి ఉంటే అమ్మ "మొన్న పొట్ట దాక వచ్చేది" అంటే నేను "నీకు అట్ల అనిపిస్తున్నదిలే" అని కొట్టిపారేసేటోన్ని కాదు, నోట్‌బుక్ తీసి చూసేటోన్ని.

ఫిజియోలు వాడే కోణం కొలిచే స్కేల్ మన దగ్గర ఉండదు, అవసరం లేదు, ఫోన్ చాలు. లెవెల్ చూపించే యాప్ ఏదైనా పెట్టుకోండి. మనిషిని ఎల్లకిల పండుకోబెట్టి, ఒక కాలు చాపి ఉంచి, ఇంకో కాలు మోకాలు కాడ మడిచి తొడను మెల్లగ పొట్ట దిక్కు లేపండి, ఆగిన కాడ తొడ మీద ఫోన్ పొడుగ్గ ఆనిచ్చి పెట్టి ఎన్ని డిగ్రీలో రాయండి. రెండు సంగతులు చూసుకోవాలె. ఒకటి, చాపి ఉంచిన కాలు తొడ మంచానికి ఆని ఉండాలె, అది సుత లేస్తే నడుము ఒంగి ఉత్తగనే పది ఇరవై డిగ్రీలు ఎక్కువ చూపిస్తది. రెండు, నులక మంచం మీద కొలవొద్దు! మేము తర్వాత కొలుచుడు మొదలుపెట్టినంక మొదటి మూడు వారాలు నులక మంచం మీదనే కొలిచినం, నడుము కాడ గుంత పడి ఒక రోజు 95, తెల్లారి 80, ఫిజియో వచ్చి చూసి నవ్విండు. చెక్క మంచమో, కింద చాపనో ఉండాలె, ప్రతిసారి అదే ఉండాలె.

మోకాలికి టేపు చాలు, బోర్ల పండితే మడమకు పిరుదుకు మధ్య ఎన్ని సెంటీమీటర్లు ఉన్నదో కొలవండి. మోచేయికి ఇంకా సులువు, చెయ్యి పట్టుకుని నోటి దిక్కు మడిస్తే వేళ్లు పెదవికి ఎంత దూరంల ఆగుతున్నయో చూడండి. భుజానికి చెయ్యి లేపి గోడ మీద పెన్సిల్ గీత గీస్తే అయిపాయె. కుడి ఎడమ రెండూ రాయాలె, ఎందుకంటే ఇది ఎక్కువసార్లు ఒక దిక్కు ముందు మొదలైతది, రెండోదే మీకు పోలిక. తొడ చుట్టుకొలత మోకాలి చిప్పకు 15 సెంటీమీటర్ల పైన పెన్‌తోని గుర్తు పెట్టి అక్కడనే కొలవండి.

వారానికి ఒక్కసారి చాలు. మేము ఆదివారం పొద్దున పెట్టుకున్నం. రోజూ కొలిస్తే రోగికి పరీక్ష రాసినట్టు ఉంటది, ఏ రోజు తగ్గితే ఆ రోజు ముఖం వేలాడేస్తడు.

రెండో పని: రోజూ చేత్తోని చూసుడు

ఒళ్లు తుడిచేటప్పుడు, బట్టలు మార్చేటప్పుడు అలవాటుగ చూస్కోవాలె. అరచేయి కాకుండ చెయ్యి వెనుక దిక్కుతోని తొడ ముందు భాగం, తుంటి పక్క, మోకాలు పైన, మోచేయి చుట్టూ ముట్టుకోండి, రెండు దిక్కులా. ఒక దిక్కు కాకగ ఉన్నదా, ఎర్రగ ఉన్నదా, ఉబ్బిందా, వత్తితే గట్టిగ గడ్డ లెక్క తగులుతున్నదా. సాయంత్రం పూట కొద్దిగ జ్వరం రావుడు, ఏ ఇన్‌ఫెక్షన్ దొరకకపోవుడు సుత ఒక గుర్తే.

అన్నిటికంటే ముందు కనిపించేది మాత్రం కీలు తిరుగుడు తగ్గుడు. కోలుకునేటోనికి కీళ్లు వారం వారం వదులు కావాలె, లేదంటే కనీసం ఉన్నకాడ ఉండాలె. వదులైన కీలు తిరిగి బిగుసుకుంటున్నదంటే, అదీ వారంల పది డిగ్రీలు పోయిందంటే, ఎక్సర్‌సైజ్ తక్కువైంది అని సర్ది చెప్పుకోకండి నా లెక్క. జీబీఎస్‌ల కాళ్లు చేతులు మెత్తగ వేలాడతయి, బిర్రు పట్టే జబ్బు కాదది. మెత్తగ ఉన్న కాలు ఒక్క కీలు కాడ బిగుసుకుందంటే ఏదో ఉన్నట్టే.

నొప్పి మీద మాత్రం నమ్మకం పెట్టుకోవద్దు. జీబీఎస్ వాళ్లకు స్పర్శ ఎంతో కొంత ఉంటది కాబట్టి మొత్తుకుంటరు. వెన్నుపాము పూర్తిగ దెబ్బతిన్నోళ్లకు నొప్పి తెల్వదు, వాళ్లకు కాళ్లు ఉన్నట్టుండి ఎక్కువ ఎగిరి పడుడు, చెమటలు పట్టుడు, తలనొప్పి, బీపీ పెరుగుడు ఇట్ల బయటపడతది. ఛాతీ మధ్యకంటే పైన వెన్నుపాము దెబ్బ ఉన్నోనికి తల పగిలిపోయేటంత నొప్పి, ముఖం ఎర్రబడుడు, బీపీ బాగ పెరుగుడు వస్తే అది ఎమర్జెన్సీ. నిటారుగ కూసోబెట్టి, మూత్రం పైపు మడత పడ్డదా చూసి, వెంటనే దవాఖానకు తీసుకపోవాలె.

మూడో పని: ముందు రక్తం గడ్డ సంగతి తేల్చుకోండి, అదే రోజు

తొడ ఉబ్బి కాకగ ఉంటే హెచ్‌ఓ కావచ్చు, కానీ కాలు లోపలి రక్తనాళంల రక్తం గడ్డకట్టినా అచ్చం అట్లనే ఉంటది, దాన్ని డీవీటీ అంటరు. ఆ గడ్డ ఊడి ఊపిరితిత్తులకు పోతే ప్రాణం మీదికి వస్తది. కాబట్టి ఉబ్బిన కాలుకు నూనె పెట్టి తోముడు, కాపడం పెట్టుడు, గట్టిగ వంచుడు ఏదీ వద్దు, ముందు డాప్లర్ స్కాన్, అంటే నాళాలల్ల రక్తం పారుడు చూసే స్కాన్. నల్లగొండ, మహబూబ్‌నగర్, సూర్యాపేట మూడు కాడ గవర్నమెంట్ మెడికల్ కాలేజీ దవాఖానలు ఉన్నయి, భువనగిరి దిక్కోళ్లకు బీబీనగర్ ఎయిమ్స్ ఉన్నది, ఊర్ల ఆర్‌ఎంపీ దగ్గర సూది ఏపిచ్చుకుని తెల్లారి చూద్దామని ఆగకండి. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీల నొప్పి, దగ్గుల రక్తం వస్తే 108 కు కొట్టుడే.

కీలుల చీము పట్టుడు, పడక పుండు లోపలికి పాకుడు, తెల్వకుండ ఎముక విరుగుడు ఇవి సుత ఇదే వేషంల వస్తయి. పడిపోయిన కాలు ఎముక నెలల తరబడి బరువు మోయక గుల్లబారి ఉంటది, మంచం మీద బోర్లించేటప్పుడు సుత విరగొచ్చు. డాక్టర్ ఇవన్నీ తీసేసుకుంట పోతడు. డీవీటీ, హెచ్‌ఓ రెండూ ఒకేసారి ఉండేటోళ్లు సుత ఉంటరు.

నాలుగో పని: ఏ టెస్టు ఏం చెప్తది

మాకు డాప్లర్‌ల ఏం రాలే. ఎక్స్‌రేల సుత ఏం లేదు, "నార్మల్" అని పంపించిండ్రు. అదే మమ్మల్ని నెల రోజులు ఎనక్కి నెట్టింది. ఎక్స్‌రేల కొత్త ఎముక కనిపించాల్నంటే అది కొంత సున్నం పట్టి ఉండాలె, వాపు మొదలైనంక రెండు నుంచి ఆరు వారాలు గడిచే దాక ఏం కనిపించకపోవచ్చు. కాబట్టి మొదటి వారంల తీసిన ఎక్స్‌రే నార్మల్ అంటే లేదని కాదు, ఇంకా రాలేదని కావచ్చు. మూడు వారాలాగి మళ్లీ తీయమని మీరే అడగండి. మా రెండో ఎక్స్‌రేల తుంటి ముందు దిక్కు పొగ మబ్బు లెక్క తెల్లగ కనిపించింది, ఆ తర్వాత దాంట్ల అదే మబ్బు గీతలు తేలి అసలు ఎముక లెక్క అయింది.

ముందే పట్టుకోవాల్నంటే త్రీ ఫేజ్ బోన్ స్కాన్ ఉంటది, ఎక్స్‌రే కంటే వారాల ముందు చెప్తది, కానీ అది పట్నంల న్యూక్లియర్ మెడిసిన్ ఉన్న కాడనే అయితది. చెయ్యి తిరిగిన రేడియాలజిస్ట్ ఉంటే అల్ట్రాసౌండ్‌ల సుత తొందరగ పట్టొచ్చు. సీటీ స్కాన్ ఆపరేషన్ ప్లాన్ చేసేటప్పుడు కావాలె, ఏ నరం ఏ రక్తనాళం ఆ ఎముకకు ఆనుకుని ఉన్నదో చూసుకోనీకి.

రక్త పరీక్షలల్ల ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అని ఒకటి ఉంటది, ఏఎల్‌పీ అని రాస్తరు. ఎముక కొత్తగ తయారైతుంటే ఇది పెరుగుతది. ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ వాపును చెప్తయి. ఏఎల్‌పీ ఒక్కటే చూసి ఏం తేల్చలేరు, లివర్ జబ్బుల, ఎముక విరిగి అతుక్కునేటప్పుడు సుత పెరుగుతది. ఇంటికి పంపేటప్పటి రిపోర్టుల ఏఎల్‌పీ ఎంత ఉండెనో దాచిపెట్టుకోండి, అప్పటి నంబర్ ఇప్పటి నంబర్ పక్కపక్కన పెడితేనే డాక్టర్‌కు పనికొస్తది.

ఇది మన నల్లగొండోళ్లకు ఇంకా ముఖ్యం. ఎక్స్‌రేల ఎముక పెరిగింది అనంగనే మా చుట్టాలంత "ఫ్లోరిన్ నీళ్లు రా, ఏముంది" అన్నరు, ఒక స్కాన్ సెంటర్‌ల సుత అదే మాట అన్నరు. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి దిక్కు పుట్టి పెరిగినోళ్లను ఆ మాట ఎంత పట్టుకుని ఉంటదో తెలిసిందే, భగీరథ నీళ్లు వచ్చినా పాత బోరునీళ్లు తాగిన ఒళ్లు పాతదే గదా. ఫ్లోరోసిస్‌ల సుత ఎముకలు అసహజంగ పెరుగుతయి, ఎముకలను కట్టి ఉంచే పట్టీలకు (లిగమెంట్లకు) సున్నం పడతది, వెన్ను బిగుస్తది, ముదిరితే వెన్నుపాము నొక్కుకుని కాళ్లే పడిపోతయి. కానీ దానికి ఏండ్లు పడతది, ఒళ్లంత, రెండు దిక్కులా ఉంటది, ముంజేతి రెండు ఎముకల నడుమ పొర గట్టిపడ్డట్టు ఎక్స్‌రేల తెలుస్తది. హెచ్‌ఓ వారాలల్ల వస్తది, ఒకటి రెండు పెద్ద కీళ్ల కాడనే, కాళ్లు చేతులు పడిపోయినంకనో కోమా వచ్చినంకనో. ఏఎల్‌పీ మాత్రం రెండిట్ల పెరుగుతది. అందుకే ఫ్లోరైడ్ ఊర్ల పుట్టినోడని డాక్టర్‌కు ముందే చెప్పండి, చెప్పకపోతే ఆ నంబర్‌ను చూసి ఒకటి అనుకోబోయి ఇంకొకటి అనుకుంటరు. మాకు ముంజేయి ఎక్స్‌రే తీస్తే పాతికవేలసార్లు ఇన్న ఆ ఫ్లోరిన్ ముచ్చట ఒక్క నిమిషంల తేలిపాయె, అట్లాంటి గుర్తు ఏం లేకుండె.

అయిదో పని: ఎక్సర్‌సైజ్ ఆపొద్దు, బలవంతం చేయొద్దు

అన్నిట్లకెల్ల కష్టమైంది ఇదే, ఎందుకంటే రెండు మాటలు ఒకదానికొకటి ఎదురున్నట్టు ఉంటయి. కదలకుండ పెడితే కీలు బిగుసుకపోతది. గుంజి వంచితే కండ లోపల చిరిగి రక్తం చిమ్మి, ఉన్న మంటకు కిరోసిన్ పోసినట్టు అయితది. కుందేళ్ల కాలు కొన్ని వారాలు కట్టేసి పెట్టి, రోజుకోసారి విప్పి బలవంతంగ వంచితే కండలల్ల ఎముక పుట్టిందని ప్రయోగాలల్ల చూసిన్రు. మనుషులల్ల వంచినందుకే వచ్చింది అని ఒక్కదాని మీద నింద పెట్టలేం, కానీ ఎముకల డాక్టర్లు మోచేయి దెబ్బకు మాలిష్ చేపియ్యకుండ్రి అని మొత్తుకునేది సుత ఇట్ల ఎముక పుడతదనే.

మాకు ఒక మాలిష్ చేసేటాయనను మా మేనమామ తోలుకొచ్చిండు, వేడి నూనెతోని అరగంట తోమి, కాలు భుజం మీద ఏస్కుని తన బరువంత పెట్టి వంచిండు. "టక్ మన్నది చూడు, ఇగ వదులైతది" అన్నడు. ఆ రాత్రి తొడ రెండింతలైంది. ఆయనను ఏం అనలేను, అంతకు ముందు వారమంత నేను చేసింది సుత అదే, ఇయ్యాల ఇంకో రెండు వేళ్లు ఎక్కువ వంచిన అని నోట్‌బుక్‌ల రాసి సంబురపడ్డ.

ఫిజియో మాకు నేర్పింది ఇట్ల. ఒక చెయ్యి మోకాలు కింద, ఒక చెయ్యి మడమ కింద పెట్టాలె, పాదం పట్టుకుని గుంజొద్దు. మెల్లగ లేపుకుంట పోతే ఒక కాడ కాలు మీ చేతికి ఎదురు చెప్తది. లబ్బరు గుంజినట్టు మెత్తగ ఎదురు చెప్తే అది కండ బిగుతు, అక్కడ ముప్పై సెకండ్లు ఊరికే ఆగండి, దానంతట అదే కొద్దిగ వదులుతది. గోడకు తలిపి ఆనినట్టు ఉన్నట్టుండి గట్టిగ ఆగితే అది ఎముక, అక్కడికెల్లి ఒక్క డిగ్రీ సుత వత్తొద్దు, ఎనక్కి వచ్చేయండి. ఈ తేడా చేతికి తెల్వాల్నంటే ఫిజియో చెయ్యి మీద మీ చెయ్యి పెట్టి రెండు మూడుసార్లు చూసుకోవాలె, వీడియోలు చూసి రాదు. ఒక్కో కీలుకు పది సార్లు, పొద్దున ఒకసారి మాపటికి ఒకసారి. రోగి ముఖం కనిపించేటట్టు నిలబడండి, నోరు లేకున్నా కనుబొమ్మలు చెప్తయి. చేసినంక గంటకు ముట్టుకుంటే కీలు మునుపటికంటే కాకగ, ఉబ్బి ఉంటే ఎక్కువ చేసినట్టే, తెల్లారి తగ్గించాలె. బాగ ఎర్రగ మండుతున్న రోజులల్ల ఎంత చేయాల్నో ఫిజియోను, డాక్టర్‌ను అడిగి చేయండి.

తనంతట తను కదిలించగలిగితే అదే మంచిది. మా వాడు చేత్తోని తువ్వాల పట్టుకుని తొడ కింద నుంచి తనే లేపుకునుడు మొదలుపెట్టినంక ఏనాడూ ఎక్కువ కాలే, ఎందుకంటే ఎవడి నొప్పి కాడ వాడే ఆగుతడు.

పండుకునే తీరు సుత ఎక్సర్‌సైజే. మోకాళ్ల కింద దిండు పెట్టి రోజంత ఉంచితే హాయిగ ఉంటది కానీ తుంటి అట్లనే మడత పడి గట్టిపడతది. డాక్టర్ ఒప్పుకుంటే రోజుకు అరగంట బోర్ల పండుకోబెట్టండి.

ఆరో పని: మందులు

నేను ఇక్కడ తక్కువ చెప్తా, ఇది డాక్టర్ పని. ఎక్కువగ వాడేది ఇండోమెథసిన్ అనే నొప్పి గోళీ, సాధారణంగ రోజుకు 75 మిల్లీగ్రాములు కొన్ని వారాలు. కడుపుల పుండు పడొచ్చు, కిడ్నీకి దెబ్బ తగలొచ్చు, అందుకే కడుపు గోళీ తోడు ఇస్తరు, కిడ్నీ పనితనం చెప్పే క్రియాటినిన్ టెస్టు చూస్తరు. పండి ఉన్నోళ్లల్ల చానామంది రక్తం పల్చబడే మందు మీద ఉంటరు, దానికి తోడు ఇది పడితే రక్తం కారే ప్రమాదం, కాబట్టి ఏ గోళీలు నడుస్తున్నయో చీటీ మొత్తం చూపించాలె. బిస్ఫాస్ఫొనేట్ జాతి మందులు సుత కొందరికి ఇస్తరు, అవి కొత్త ఎముకకు సున్నం పట్టకుండ అడ్డం పడతయి, గట్టిపడ్డదాన్ని మాత్రం కరిగియ్యవు. కరిగించే మందు ఇప్పటికైతే లేదు, ఎవరైనా మా దగ్గర పసరు ఉన్నది, లేపనం ఉన్నది అంటే పైసలు కట్టకండి.

పాలు బంద్ చేయాల్నా, కాల్షియం గోళీ ఆపాల్నా, రాగి జావ వద్దా అని అందరూ అడుగుతరు, మా ఇంట్ల నెల రోజులు పెరుగు సుత బంద్ పెట్టిన్రు పాపం. తినే కాల్షియంతోని ఇది రాదు. తిండి తగ్గిస్తే పోయేది కండ, అది ఇప్పటికే కరిగి ఉన్నది.

ఏడో పని: కూసునుడు, పుండ్లు, లెట్రిన్

తుంటి ఒక దిక్కు మడవకుంటే కుర్చీల కూసున్నప్పుడు నడుము ఆ పక్కకు ఒరిగి బరువంత ఒక్క పిరుదు మీద పడతది, పది రోజులల్ల అక్కడ పుండు లేస్తది. పుండు ఎముకను పెంచుతది, ఎముక పుండును పెంచుతది. వీల్‌చైర్ సీటు ఆ పక్క కొద్దిగ కిందికి కోపిచ్చి, వీపు దిక్కు వెనక్కి వాలేటట్టు చేపిస్తే సర్దుకుంటది, మేము ఊర్ల వడ్లాయనతోనే చేపిచ్చినం, మెత్తటి కుషన్ రెండు పొరలుగ వేసి ఒక పొరను కోసినం. పండుకుంటే రెండు గంటలకోసారి తిప్పాలె, కూసుంటే పావుగంటకు అరగంటకు ఒకసారి పక్కకు ఒంగి బరువు తీయాలె.

కింద కూసునే లెట్రిన్ ఇగ మర్చిపోవాలె. మధ్యల రంధ్రం ఉన్న కుర్చీ ముందే తెచ్చుకోండి, లేకపోతే ఎవరో ఒకరు చంకల చేతులేసి కిందికి వంచి కూసోబెట్టే ప్రయత్నం చేస్తరు, ఆ ఒక్క బలవంతానికి వారం ఎక్సర్‌సైజ్ పోతది.

మోచేయి కాడ వచ్చినోళ్లు చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరి మీద ఒక కన్నేయాలె. కొత్త ఎముక అక్కడి నరాన్ని నొక్కితే ఆ రెండు వేళ్లే మొద్దుబారతయి. జీబీఎస్ వాళ్లు "ఇది పాత తిమ్మిరే" అనుకుని వదిలేస్తరు. ఒళ్లంత తిమ్మిరి తగ్గుకుంట వస్తుంటే ఆ రెండు వేళ్లు మాత్రం ఎక్కువైతుంటే అది పాతది కాదు, వెంటనే చూపించాలె.

ఎనిమిదో పని: ఆపరేషన్ మాట వస్తే

చానామందికి ఆపరేషన్ అక్కర్లేదు. ఎముక ఉంటది, కానీ పని కాకుండ ఆపదు. కూసోలేకపోతే, పుండ్లు మానకపోతే, నరం నొక్కుకుంటే, బుక్క నోటికి అందకపోతే అప్పుడు ఆలోచిస్తరు. ఎముక ముదిరే దాక ఆగాలె అని పాత లెక్క, వెన్నుపాముకు ఏడాది, తల దెబ్బకు ఏడాదిన్నర అని చెప్పేటోళ్లు. ఇప్పుడు అవసరాన్ని బట్టి ముందే చేసేటోళ్లు సుత ఉన్నరు, మీ సర్జన్ ఏమంటడో దాని కారణం అడగండి.

పోయే ముందు నాలుగు ప్రశ్నలు కాయితం మీద రాసుకుపోండి. రక్తం ఎంత పోవచ్చు, ఎన్ని యూనిట్లు రెడీ పెట్టాలె, ఎందుకంటే ఈ ఎముక నిండ రక్తమే. సీటీల పెద్ద రక్తనాళం, నరం ఎంత దగ్గర ఉన్నది. మళ్లీ పెరగకుండ ఏం చేస్తరు: ఇండోమెథసినా, రేడియేషనా. రేడియేషన్ అయితే ఒక్క డోసే, 7 నుంచి 8 గ్రే (గ్రే అంటే రేడియేషన్ కొలత), ఆపరేషన్‌కు ముందు 24 గంటలల్ల లేకపోతే తర్వాత 72 గంటల లోపల ఇయ్యాలె, కాబట్టి ఆ మిషన్ అదే దవాఖానల ఉన్నదా, లేకుంటే కుట్లతోని అంబులెన్స్‌ల ఎక్కడికి తీసుకపోవాలె. చివరిది, ఆపరేషన్ అయిన తెల్లారి నుంచి ఫిజియో ఎవరు చేస్తరు, ఇంటికొచ్చినంక ఎవరు చేస్తరు. ఈ చివరి ప్రశ్నకు జవాబు లేకుంటే మాత్రం డేట్ తీసుకోకండి.

ఖర్చు సంగతికి వస్తే, 2023 డిసెంబర్ నుంచి మన తెలంగాణల ఆరోగ్యశ్రీ 10 లక్షల దాక ఉన్నది, కానీ ఏ ప్రొసీజర్ అండ్ల వస్తదో దవాఖానల ఆరోగ్యమిత్ర దగ్గర ముందే కనుక్కోవాలె. వికలాంగుల సర్టిఫికెట్‌కు (మునుపు సదరం, ఇప్పుడు యూడీఐడీ) స్లాట్ ఎట్ల బుక్ చేయాల్నో మీసేవల కనుక్కుని, కీలు ఎంత తిరుగుతున్నదో రాసిన ఫిజియో కాయితం, ఎక్స్‌రేలు పట్టుకపోండి.

మా తమ్మునికి ఎడమ తుంటి 75 డిగ్రీల కాడ ఆగిపోయింది, అయిదో నెల నుంచి అంతే, ఎక్స్‌రేల గీతలు గట్టిగ తేలినయి, ఏఎల్‌పీ కిందికి దిగింది. కుడి దిక్కు 110 ఉన్నది. కర్ర పట్టుకుని నడుస్తడు, వాలుగ ఉన్న కుర్చీల కూసుంటడు, దుకాణంల లెక్కలు వాడే చూస్తున్నడు. బస్సుల మాత్రం ముందు సీటు దొరకాలె, కాలు చాపనీకి. సర్జన్ "చేస్తే 90 దాక రావొచ్చు, తర్వాత మళ్లీ పెరగొచ్చు" అన్నడు. తమ్ముడు ఇంటికొచ్చి పీట మీద కూసుని తినుడు తప్ప ఈ పదిహేను డిగ్రీలతోని నాకేం పని పడ్తది అన్నా అని అడిగిండు. అమ్మ పీట తీసి అటక మీద పెట్టింది. ఆదివారం కొలతలు మాత్రం ఇంకా రాస్తున్నం, లుంగీ మార్చే పని వాడే చేసుకుంటున్నడు కాబట్టి ఇప్పుడు ఫోన్ సుత వాడే పెట్టుకుంటడు.